ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది

ప్రశ్న: నమస్కారం సార్. నాది రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు ఉన్న డెస్క్‌టాప్. ర్యామ్ 3200 స్పీడ్‌ది. గేముల్లో ఇంకాస్త స్పీడ్ వస్తుందని ఒక వీడియో చూసి బయోస్‌లోకి వెళ్లాను. ప్రాసెసర్‌ని 4.6 గిగాహెర్ట్జ్‌కి పెంచి, వోల్టేజ్ 1.4 పెట్టాను. ర్యామ్‌ని 3800కి, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ని 1900కి మార్చాను. సేవ్ చేసి రీస్టార్ట్ చేశాక ఇక డిస్‌ప్లే రాలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, కొన్ని సెకన్లకి ఆగిపోయి మళ్లీ తనంతట తానే ఆన్ అవుతోంది. బోర్డు మీద డీర్యామ్ అన్నచోట పసుపు లైట్ వెలుగుతూనే ఉంది. నిన్నటి నుంచి పవర్ బటన్ నొక్కుతూనే ఉన్నాను. ప్రాసెసర్ కాలిపోయి ఉంటుందని మా ఫ్రెండ్ అంటున్నాడు. మా అక్క ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. నిజంగానే పోయిందా? డేటా దక్కుతుందా? వారంటీ వర్తిస్తుందా?

సమాధానం: ముందు అక్క ఫైళ్ల సంగతి చెప్పేస్తాను, మిగతాది నెమ్మదిగా చదువుకోవచ్చు. మీరు మార్చిన సెట్టింగులకీ ఎస్‌ఎస్‌డీలో (ఫైళ్లు దాచే డిస్క్‌లో) ఉన్న ఫైళ్లకీ సంబంధం లేదు. మీ కంప్యూటర్ విండోస్ దాకా వెళ్లనే లేదు, ఎస్‌ఎస్‌డీ మీద ఏమీ రాయనూ లేదు. ఒకవేళ బోర్డే పోయిందనుకున్నా, ఆ ఎస్‌ఎస్‌డీని తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయి. దానికి ఒక మెలిక ఉంది, ఎన్‌క్రిప్షన్ గురించి, అంటే కీ లేనిదే చదవలేకుండా డేటాకి వేసే తాళం గురించి. అది కింద చెబుతాను. బయోస్ (ఆన్ అవగానే మొదట నడిచే, బోర్డులోని చిన్న ప్రోగ్రామ్) రీసెట్ చేసే ముందే ఆ భాగం చదవండి.

ఇక ప్రాసెసర్ కాలిపోయిందా అన్న ప్రశ్న. మీరు రాసిన లక్షణాలు చూస్తే అలా అనిపించడం లేదు. ఆన్ అవగానే బోర్డు ఒక వరుసలో పరీక్షలు చేసుకుంటూ వెళ్తుంది: ముందు ప్రాసెసర్, తర్వాత ర్యామ్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, చివరికి బూట్ డిస్క్. ఎక్కడ ఆగిపోతే అక్కడి లైట్ వెలుగుతూ ఉంటుంది. మీది డీర్యామ్, అంటే ర్యామ్, దగ్గర ఆగింది. అంటే ప్రాసెసర్ పని మొదలుపెట్టింది, ర్యామ్‌తో మాట కలపలేకపోతోంది. కొన్ని సెకన్లకోసారి ఆగి మళ్లీ ఆన్ అవ్వడం కూడా అదే సంగతి చెబుతోంది. బోర్డు ర్యామ్ టైమింగులు (ఒక్కో పనికి ర్యామ్ ఎంత సేపు ఆగాలో చెప్పే అంకెలు) కుదుర్చుకోవాలని చూసి, కుదరక, మళ్లీ మొదటికి వెళ్తోంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. (లైట్ రంగుని మాత్రం నమ్ముకోకండి. ఒక కంపెనీ బోర్డులో పసుపు ఉన్నచోట ఇంకో కంపెనీ బోర్డులో ఎరుపు ఉండొచ్చు. పక్కన ముద్రించిన అక్షరాలే చూడాలి. మీరు అదే చూశారు, మంచిది.)

ర్యామ్ ఎందుకు మొరాయించిందో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. డీడీఆర్ మెమరీ ఒక్కో గడియార చక్రంలో రెండుసార్లు డేటా పంపుతుంది. కాబట్టి 3800 అని రాసి ఉన్నా అసలు గడియారం 1900 మెగాహెర్ట్జే. రైజెన్ ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ కూడా అదే 1900లో నడిస్తే ఆలస్యం తగ్గుతుంది. ఆ వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. కానీ రైజెన్ 5000 చిప్‌లు 1800 వరకు సాధారణంగా ఇబ్బంది లేకుండా నడుస్తాయి. 1900 మాత్రం ఒక చిప్ అందుకుంటుంది, ఇంకోటి అందుకోదు. రెండింటి మీదా పేరు ఒకటే ఉంటుంది, తయారీలో తేడా ఉంటుంది. వీడియో చేసినాయన చిప్ అందుకుంది, మీది అందుకోలేదు. పైగా మీ ర్యామ్ 3200కి పరీక్షించి అమ్మినది. టైమింగులు వదులు చేయకుండా దాన్ని ఒక్కసారిగా 3800కి తోస్తే అదీ నిలబడకపోవచ్చు. తప్పు ఫ్యాబ్రిక్‌దా, ర్యామ్‌దా అన్నది ఇప్పుడు తేలదు, ఎందుకంటే మీరు రెండూ ఒకేసారి మార్చారు, వాటితో పాటు ప్రాసెసర్‌నీ మార్చారు. తేలకపోయినా ఇప్పటికి నష్టం లేదు, మందు ఒకటే.

ఆ మందు చెప్పే ముందు 1.4 వోల్టుల గురించి ఒక మాట, ఎందుకంటే మీ ఫ్రెండ్ భయం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. గడియారం స్పీడ్ ఎక్కువ పెడితే చిప్ తప్పు లెక్కలు చేస్తుంది, ఆగిపోతుంది, అంతే. చిప్‌ని పాడుచేసేవి వోల్టేజ్, వేడి. విద్యుత్ ఖర్చు వోల్టేజ్ వర్గంతో (వోల్టేజ్‌ని దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యతో) పెరుగుతుంది. 1.2 నుంచి 1.4కి పెంచితే, స్పీడ్ ముట్టుకోకపోయినా, ఖర్చు సుమారు 36 శాతం పెరుగుతుంది. అదంతా వేడిగా మారుతుంది. రైజెన్ తనంతట తాను కూడా అప్పుడప్పుడు 1.4 దాటుతుంది కదా అని చాలామంది వాదిస్తారు. నిజమే, కానీ అది ఒకటి రెండు కోర్‌లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) తేలికైన పని చేస్తున్నప్పుడు, క్షణాల పాటు. మీరు పెట్టింది అన్ని కోర్‌లకీ, ఎంత బరువు పడినా, ఎప్పుడూ. అలా నెలల తరబడి నడిపితే చిప్ క్రమంగా అరిగిపోతుంది, ఒకప్పుడు తట్టుకున్న స్పీడ్‌ని తట్టుకోలేని స్థితికి వస్తుంది. మీ విషయంలో అది బూట్ కూడా కాలేదు, ఆ బరువు దాని మీద పడనే లేదు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి.

ఇప్పుడు చేయాల్సింది. ముందుగా పవర్ బటన్ నొక్కడం ఆపండి. బయోస్ తన సెట్టింగులను గుర్తుపెట్టుకుని ఉంది, మీరు ఎన్నిసార్లు ఆన్ చేసినా అదే 3800తోనే మొదలుపెడుతుంది. కొన్ని బోర్డులు వరుసగా కొన్నిసార్లు విఫలమయ్యాక వాటంతట అవే పాత సెట్టింగులకు వెళ్లి, ఓవర్‌క్లాకింగ్ (మీరు చేసినట్టు స్పీడ్‌ని మామూలు కంటే పెంచడం) కుదరలేదని స్క్రీన్ మీద చెబుతాయి. మీ బోర్డుకి కూడా ఆ అవకాశం ఒక్కసారి ఇవ్వండి. ఆన్ చేసి, పది నిమిషాల పాటు ముట్టుకోకుండా వదిలేయండి. మధ్యలో ఆగినా, మళ్లీ ఆన్ అయినా పట్టించుకోవద్దు. చాలామంది ఇక్కడే ఓపిక చాలక మధ్యలో ఆపేస్తారు, దాంతో బోర్డు చేస్తున్న ప్రయత్నం మళ్లీ మొదటికి వస్తుంది.

అలా వదిలేసినా రాకపోతే సీమాస్ క్లియర్ చేయాలి, అంటే బయోస్‌కి మీరు చెప్పినవన్నీ మరిచిపోయేలా చేయాలి. ఇక్కడే ఆగి, నేను పైన అన్న మెలిక చూసుకోండి. మీది విండోస్ 11 అయితే, మీరు కావాలని పెట్టకపోయినా విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్ రకం ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే కంప్యూటర్లలో ఇది మామూలే. బయోస్ రీసెట్ అయితే ప్రాసెసర్‌లోని టీపీఎం (ఆ తాళానికి సంబంధించిన కీలు దాచే భద్రతా భాగం) సెట్టింగ్ మారి, విండోస్ మొదలయ్యేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఎస్‌ఎస్‌డీని ఇంకో కంప్యూటర్‌కి పెట్టినా అదే కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి, రికవరీ కీ ఉందో లేదో ఇప్పుడే చూసి, కాగితం మీద రాసిపెట్టుకోండి. కంప్యూటర్ అక్క అకౌంట్‌తో సెట్ చేసినదైతే అక్క అకౌంట్‌లో చూడాలి. రీసెట్ తర్వాత టీపీఎం పాడైందనో, కొత్త ప్రాసెసర్ వచ్చిందనో చెప్పి, వై నొక్కితే రీసెట్, ఎన్ నొక్కితే అలాగే ఉంచుతాను అని అడిగే స్క్రీన్ వస్తే ఎన్ నొక్కండి. కంగారులో వై నొక్కి, కీ లేక, ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఓవర్‌క్లాకింగ్ వల్ల డేటా పోదు గానీ ఇలాంటి ఒక్క బటన్ వల్ల పోతుంది.

కీ దొరికాక పనిలోకి దిగండి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంట్ అందించే డబ్బా) వెనక స్విచ్ ఆఫ్ చేసి, పవర్ కేబుల్ పూర్తిగా పీకేయండి. తర్వాత కేబినెట్ పవర్ బటన్‌ని పదిహేను సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంట్ పోతుంది. పక్క తలుపు తీసి, ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతుంది. బోర్డు మాన్యువల్‌లో క్లియర్ సీమాస్ అని వెతకండి. కొన్ని బోర్డులకి వెనక పోర్టుల దగ్గరే బటన్ ఉంటుంది. లేకపోతే బోర్డు అడుగు అంచున పక్కపక్కనే రెండు పిన్నులు ఉంటాయి. వాటి దగ్గర సీఎల్ఆర్ సీమాస్ అనో జేబ్యాట్1 అనో రాసి ఉంటుంది. స్క్రూడ్రైవర్ కొనతో ఆ రెండింటినీ కలిపి పది సెకన్లు పట్టుకోండి. పక్కన ఉన్న వేరే పిన్నులకు తగిలినా పవర్ కేబుల్ పీకేసి ఉంటే ప్రమాదం లేదు. అందుకే ఆ కేబుల్ పీకమని అంత పట్టుబడుతున్నాను.

పిన్నులు దొరక్కపోతే బటన్ సెల్ తీయండి. రూపాయి బిళ్లలా గుండ్రంగా మెరుస్తూ ఉంటుంది, సీఆర్2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులది. చాలా బోర్డుల్లో ఇది గ్రాఫిక్స్ కార్డు కిందే ఇరుక్కుని ఉంటుంది, కార్డు తీస్తే గానీ అందదు. కార్డు తీసేటప్పుడు స్లాట్ చివర ఉన్న క్లిప్ నొక్కడం మరిచిపోకండి, ఆ క్లిప్ విరగ్గొట్టనివాళ్లు తక్కువ. సెల్ తీశాక పది నిమిషాలు ఆగి, రాత ఉన్న వైపు పైకి ఉండేలా మళ్లీ పెట్టండి. బోర్డు బాగా పాతదైతే కొత్త సెల్ వేసేయండి.

లోపల చేయి పెట్టారు కాబట్టి ర్యామ్ పని కూడా ఇప్పుడే కానివ్వండి. ఒక ర్యామ్ తీసేసి, ఒక్కటే ఉంచండి. దాన్ని ఏ2 స్లాట్‌లో పెట్టాలి. నాలుగు స్లాట్లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది అదే. క్లిప్ టక్కుమని పడేదాకా నొక్కాలి. ర్యామ్ కాంటాక్టుల మీద ఎరేజర్‌తో రుద్దమని ఎవరైనా సలహా ఇస్తే ఈసారికి వద్దనండి. దుమ్ము, తుప్పు వల్ల వచ్చిన సమస్య కాదిది. కారణం మనకి తెలిసే ఉంది.

కూలర్ జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి. మీ ప్రాసెసర్ ఏఎం4 రకం, పిన్నులు దాని అడుగునే ఉంటాయి. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ గట్టిపడి ఉంటే, కూలర్ లాగగానే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి చేతికొస్తుంది, పిన్నులు వంగుతాయి. అప్పటిదాకా సెట్టింగుల సమస్యగా ఉన్నది నిజంగానే ప్రాసెసర్ సమస్య అయి కూర్చుంటుంది.

ఇప్పుడు పవర్ కేబుల్ పెట్టి ఆన్ చేయండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉండాలి. రైజెన్ 5 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు, కాబట్టి బోర్డు హెచ్‌డీఎంఐకి తగిలిస్తే కంప్యూటర్ బాగున్నా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. సామాన్లు విప్పి బిగించాక ఈ ఒక్క పొరపాటుతో గంటలు తలపట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. రీసెట్ తర్వాత మొదటిసారి ఆన్ అవ్వడానికి మామూలు కంటే ఎక్కువ సేపు పడుతుంది. కాస్త ఆగండి.

చాలావరకు ఇక్కడే డిస్‌ప్లే వచ్చేస్తుంది. సెట్టింగులు పోయాయి, ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లు అన్న మెసేజ్ కనిపిస్తుంది. రాకపోతే ఏ లైట్ వెలుగుతోందో మళ్లీ చూడండి. అదే డీర్యామ్ అయితే రెండో ర్యామ్‌ని అదే స్లాట్‌లో పెట్టి చూడండి, ఆ తర్వాత వేరే స్లాట్‌లో. లైట్ వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు) దగ్గరికి మారితే సంతోషించండి, ర్యామ్ గట్టెక్కింది. గ్రాఫిక్స్ కార్డు సరిగా కూర్చోలేదో, దాని పవర్ కేబుల్ పెట్టడం మరిచారో చూసుకోవాలి. సీపీయూ (ప్రాసెసర్) దగ్గరికి మారితే బోర్డు పైమూలలో ఉండే ఎనిమిది పిన్నుల పవర్ కేబుల్ వదులైందేమో చూడండి. బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి చప్పున ఆగిపోతే అది వేరే కథ. ఎక్కడో షార్ట్ ఉండి ఎస్‌ఎంపీఎస్ తనని తాను ఆపేసుకుంటోందని అర్థం. అలాంటప్పుడు బోర్డు మీద స్క్రూ ఏదైనా జారిపడిందేమో వెతకాలి.

లైట్ ఎక్కడికీ కదలకపోతే ఇంకో దారి ఉంది. చాలా బీ550 బోర్డులకి ప్రాసెసర్ సాయం లేకుండానే బయోస్‌ని కొత్తగా ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. ఇంకో కంప్యూటర్‌లో మీ బోర్డు మోడల్ సైట్ నుంచి బయోస్ ఫైల్ దించుకుని, ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో, మాన్యువల్‌లో చెప్పిన పేరుతోనే పెట్టాలి. బోర్డు వెనక దానికోసం గుర్తుపెట్టిన యూఎస్‌బీ పోర్ట్‌లోనే గుచ్చి బటన్ నొక్కాలి. లైట్ మిణుకుతున్నంతసేపూ కరెంట్ పోకూడదు. యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టుకోండి.

డిస్‌ప్లే వచ్చాక విండోస్ రాకుండా మళ్లీ ఎక్కడో ఆగితే బెంబేలెత్తకండి. రీసెట్ అంటే ఓవర్‌క్లాకింగ్ ఒక్కటే కాదు, అన్ని సెట్టింగులూ పోతాయి. తేదీ, టైమ్ తప్పు ఉంటే చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు, ముందు అవి సరిచేయండి. బూట్ వరుసలో మీ ఎస్‌ఎస్‌డీ మొదట ఉందో లేదో చూడండి. ఇంతకుముందు సీఎస్ఎమ్ (పాత పద్ధతిలో బూట్ అవనిచ్చే బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉండి ఇప్పుడు ఆఫ్ అయితే, లేదా డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మారితే, విండోస్ బూట్ కాదు, లేదా నీలం స్క్రీన్ వస్తుంది. మునుపు ఎలా ఉందో అలా మార్చితే సరిపోతుంది, విండోస్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. నీలం స్క్రీన్ కనిపించగానే ఫార్మాట్ చేసేద్దాం అనే ఫ్రెండ్ ఒకడు అందరికీ ఉంటాడు, వాడిని ఆ రోజు దూరంగా ఉంచండి. ర్యామ్ స్పీడ్ 2400 అనో 2666 అనో కనిపించినా కంగారుపడకండి. 3200 రావాలంటే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్‌లోనే రాసి ఉండే, దాని అసలు స్పీడ్ సెట్టింగులు) మళ్లీ ఆన్ చేయాలి, కొన్ని బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ.

విండోస్ రాగానే ముందు అక్క ఫైళ్లని వేరే డిస్క్‌కి కాపీ చేయండి. తర్వాతే రెండో ర్యామ్ పెట్టి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరాదు. బొత్తిగా బూట్ కాని ఓవర్‌క్లాక్ కంటే, బూట్ అయ్యి, గేములు కూడా ఆడి, లోలోపల అప్పుడప్పుడు ఒక బిట్ తప్పు చేసే ఓవర్‌క్లాకే నిజానికి ప్రమాదకరం. అది ఎస్‌ఎస్‌డీ మీదకి తప్పుడు డేటా రాస్తుంది, మీకు తెలిసేసరికి కాపీ చేసిన ఫైళ్లు కూడా పాడై ఉంటాయి. ఆ లెక్కన చూస్తే, మీది మొదటి అడుగులోనే ఆగిపోవడం మంచిదే అయింది.

మళ్లీ స్పీడ్ పెంచాలని ఉందా? వద్దని చెప్పను, చెప్పినా ఆగరని తెలుసు. ఈసారి ర్యామ్‌తో మొదలుపెట్టి 3600, ఫ్యాబ్రిక్ 1800 దగ్గర ఆగండి. టైమింగులు కాస్త వదులుగా, ర్యామ్ వోల్టేజ్ 1.35 దగ్గరే ఉంచండి. దాని మీద మెమ్‌టెస్ట్ పూర్తిగా పాసయ్యేదాకా ప్రాసెసర్‌ని ముట్టుకోవద్దు. ప్రాసెసర్‌కి మాన్యువల్ వోల్టేజ్ అసలే వద్దు. మీ చిప్ మామూలుగానే 4.4 దాకా వెళ్తుంది. పీబీవో (ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ ఇంకాస్త పెంచుకోనిచ్చే బయోస్ సెట్టింగ్) ఆన్ చేసి, బూస్ట్ పరిమితిని 200 మెగాహెర్ట్జ్ వరకు పెంచుకునే వీలుంది, అంటే మీరు కోరుకున్న 4.6 చుట్టుపక్కలకి అదే తీసుకెళ్తుంది, అవసరమైనప్పుడు మాత్రమే. దానితో పాటు కర్వ్ ఆప్టిమైజర్‌ని (ఒక్కో స్పీడ్‌కి ఇచ్చే వోల్టేజ్‌ని సవరించే సెట్టింగ్‌ని) మైనస్ 10తో మొదలుపెడితే వోల్టేజ్ తగ్గి, వేడి తగ్గి, బూస్ట్ ఎక్కువసేపు నిలబడుతుంది. గంటసేపు ఓసీసీటీ అనే పరీక్ష ప్రోగ్రామ్ నడిపి, ఎర్రర్లు రాకపోతే అప్పుడు ముందుకు వెళ్లండి. బయోస్‌లో ప్రతి మార్పుకి ముందూ వెనకా ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి. ఇంత చేసినా, మీ గేమ్ స్పీడ్‌కి అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డే అయితే తేడా కంటికి కనిపించకపోవచ్చు. గేమ్ ఆడుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైనే ఉంటోందేమో ముందు చూసుకోండి. ఉంటే ఈ శ్రమంతా దండగ.

చివరిగా వారంటీ. రైజెన్ తయారుచేసే ఏఎండీ నిర్దేశించిన పరిమితులు దాటి నడిపితే వారంటీ వర్తించదని ఆ కంపెనీయే చెబుతుంది. మీ ప్రాసెసర్‌కి వాళ్లు ప్రకటించిన ర్యామ్ స్పీడ్ 3200 వరకే, కాబట్టి 3800 ఆ గీత దాటినట్టే. పైవన్నీ చేసినా కంప్యూటర్ రాకపోతే, సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు ఏం మార్చారో దాచకండి. 4.6, 1.4, 3800, 1900 అని కాగితం మీద రాసి, రీసెట్ తర్వాత ఏ లైట్ వెలిగిందో, ఏ ర్యామ్‌తో ఏ స్లాట్‌లో చూశారో కూడా రాసి ఇవ్వండి. లేకపోతే ఏమీ చేయలేదు సార్, దానంతట అదే ఆగిపోయింది అన్న మాట నమ్మి, వాళ్లు ఎస్‌ఎంపీఎస్ నుంచి మొదలుపెడతారు.